పన్నెండు నిమిషాలు ముందు నడిచిన గడియారం

రెండువేల సంవత్సరం ఆగస్టు ఇరవై రెండు, మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు జనగామ స్టేషన్ రోడ్డులోని ఒక చిన్న దుకాణంలో మా బాపు గడియారం తిరిగి నా చేతికి వచ్చింది. లోపల స్ప్రింగు తెగి పద్నాలుగు రోజులుగా అది అక్కడే ఉంది. గంటా నిమిషం ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, దుకాణం గోడకున్న గడియారం చూసి నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఆ తర్వాత చేతి గడియారం కట్టుకున్నాను. రెండింటినీ పోల్చి చూడలేదు. నేను రోజూ పోల్చి చూసే మనిషిని. ఆ ఒక్క రోజు చూడలేదు. పోయిందనుకున్న వస్తువు మళ్లీ నడుస్తుంటే దాన్ని చూస్తూ ఉండిపోయాను తప్ప, అది ఎంత చూపిస్తున్నదో చూడలేదు.

ముందు ఆ గడియారం సంగతి చెప్పాలి. పందొమ్మిది వందల యాభై ఒకటిలో మా అమ్మానాన్నల పెళ్లిలో, అమ్మ తండ్రి అల్లుడికి పెట్టింది అది. రోజూ కీ ఇవ్వాలి. తెల్లటి పళ్లెం, నల్లటి అంకెలు, సన్నటి ఎర్ర సెకన్ల ముల్లు. బాపు పట్నంలో ఒక సర్కారు దఫ్తరులో చప్రాసీ. జనగామ నుంచి రోజూ ప్యాసింజరు బండిలో పోయి వచ్చేవాడు. ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీలో బండి తప్పింది రెండుసార్లే, రెండూ మొదటి నెలలోనే. రెండోసారి తప్పిన సాయంత్రం గడియారాన్ని పన్నెండు నిమిషాలు ముందుకు జరిపాడట. ఇంటి నుంచి స్టేషనుకు పదకొండు నిమిషాల నడక. మరి పన్నెండో నిమిషం ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"చెప్పులు దొరకాలె గదా బిడ్డా" అన్నాడు.

మా ఇంట్లో టైము ఎంతయిందని ఎవరైనా అడిగితే, "బాపు టైమా, రేడియో టైమా?" అని తిరిగి అడిగేవాళ్లం. వచ్చినవాళ్లకు అది వింతగా ఉండేది. మాకు మామూలు. నౌకరీ అయిపోయి ఇంట్లో కూర్చున్న తర్వాత కూడా బాపు ముల్లు వెనక్కి జరపలేదు. బండి ఎక్కే పని లేకపోయినా పన్నెండు నిమిషాలు ముందే భోజనానికి కూర్చునేవాడు, పన్నెండు నిమిషాలు ముందే పడుకునేవాడు.

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది మార్చిలో పోయాడు. అన్నకు అప్పటికే తన పెళ్లిలో అత్తగారు పెట్టిన గడియారం ఉంది. అందుకని దినాలు అయిన మరునాడు అమ్మ దీన్ని నా చేతికి కట్టింది. పట్టీ వదులైతే సూదిని నిప్పులో కాల్చి ఇంకో రంధ్రం పొడిచింది.

"ముల్లు జరపకు బిడ్డా. గది మీ బాపు పెట్టిన టైం" అంది.

జరపనని మాట ఇచ్చాను. నిజానికి అది కుదిరే మాట కాదు. కీ గడియారం రోజుకు ఒక నిమిషమో ఒకటిన్నర నిమిషమో అటో ఇటో జరుగుతుంది. బాపు పెట్టిన ముల్లు వారం తిరగక ముందే బాపు పెట్టిన చోట లేదు. నేను చేసిన పని ఏమిటంటే, రోజూ పొద్దున ఏడు గంటలకు రేడియోలో బీప్ వచ్చినప్పుడు గడియారం ఏడూ పన్నెండు చూపించేలా సరిపెట్టడం. అంటే బాపు టైమును రోజూ నేనే పెట్టాను. పదకొండేళ్లు అలా పెట్టాను. అయినా అది బాపు పెట్టిందే అనుకున్నాను.

నా పని కాన్పులు చేయడం. టేకుమట్ల దగ్గరి ఒక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పందొమ్మిది వందల ఎనభై ఆరు నుంచి రెండువేల మూడు దాకా ఉన్నాను. కాన్పు అయిన వెంటనే ఆ ఇంటివాళ్లు మొదట అడిగేది ఆడా మగా అని. రెండోది టైము. టైము రాసిన చీటీ లేకుంటే పంతులు నక్షత్రం చెప్పడు, నక్షత్రం లేకుంటే పేరులో మొదటి అక్షరం రాదు. ఊళ్లో గడియారాలు ఉన్నా నా చేతి గడియారాన్నే నమ్మేవాళ్లు. "నర్సమ్మ టైం అంటే టైమే" అని ఒక పేరు. తల బయటికి రాగానే గడియారం చూసి, పన్నెండు తీసేసి, చీటీ మీద రాసి ఇచ్చేదాన్ని. బాపు పోయిన నాటి నుంచి ఆ ఆగస్టు దాకా మూడు వందల పన్నెండు కాన్పులు. మూడు వందల పన్నెండుసార్లు పన్నెండు తీసేశాను. ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

జనగామ దుకాణంలో కూర్చునే పెద్దాయన బాపుకు తెలిసినవాడు. ఆ గడియారాన్ని అంతకు ముందు రెండుసార్లు బాగు చేశాడు. రెండుసార్లూ ఎవరూ చెప్పకుండానే పన్నెండు నిమిషాలు ముందు పెట్టి ఇచ్చాడు.

"తీస్కో బేటీ. స్ప్రింగు కొత్తది ఏసిన. లోపలంత సాఫ్ జేసిన. టైం గూడ పెట్టిన. ఇంక పదేండ్ల దాక పరేషాన్ లేదు" అన్నాడు ఈసారి.

టైము పెట్టానంటే ఎప్పటిలాగే పెట్టాడనుకున్నాను. బస్సు ఎక్కి హనుమకొండ, పరకాల మీదుగా ఊరు చేరేసరికి చేతి గడియారంలో నాలుగూ యాభై అయింది. పన్నెండు తీసేసి నాలుగూ ముప్పై ఎనిమిది అని పుస్తకంలో రాసుకున్నాను. కేంద్రం మెట్ల మీద ఒక ముసలామె నా కోసం కూర్చుని ఉంది. ఆమె కూతురికి మధ్యాహ్నం నుంచి నొప్పులట. చేతి సంచి మార్చుకుని ఆమె వెంట పోయాను. తొలి కాన్పు. కష్టమేమీ కాలేదు. ఆడపిల్ల. గడియారంలో ఐదూ నలభై మూడు. పన్నెండు తీసేసి చీటీ మీద ఐదూ ముప్పై ఒకటి అని రాశాను. బరువు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

మరునాడు బుధవారం పొద్దున ఏడు గంటలకు రేడియోలో బీప్ వచ్చింది. గడియారం సరిగ్గా ఏడు చూపించింది.

నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. దుకాణంలో టైము సరిగ్గా పెట్టారు. సరైన దానిలోంచి నేను పన్నెండు తీసేశాను. పిల్ల పుట్టింది ఐదూ నలభై మూడుకు. నా పుస్తకంలో ఐదూ ముప్పై ఒకటి కొట్టేసి, నలభై మూడు రాసి, పక్కన ఏడూ ఐదు అని దిద్దిన టైము కూడా వేశాను. కేంద్రం రిజిస్టరులో ఎర్ర సిరాతో దిద్ది పొట్టి సంతకం చేశాను. కొత్త చీటీ రాసి సంచిలో పెట్టుకుని ఆ ఇంటికి బయలుదేరాను. ఎనిమిదీ పది.

ఆ ఇంటి దడి బయట ఒక మనిషి మోటారు సైకిలుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల తండ్రి. భూపాలపల్లి బొగ్గుబాయిలో పని. రాత్రి షిఫ్టు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చెవుల వెనక బొగ్గు నుసి ఇంకా ఉంది. నేను దడి దాటుతుంటే లోపలి నుంచి ముసలామె ఎదురొచ్చింది.

"ఆయినను లోపటికి రానియ్యద్దు నర్సమ్మా. పంతులు చెప్పిండు. గండపు పాదమట. తండ్రి సూడద్దు ఆరు నెలలు."

మా వైపు ఈ పద్ధతి ఉంది. కొన్ని నక్షత్రాల కొన్ని పాదాల్లో పుట్టిన బిడ్డ తండ్రికి గండమని అంటారు. అలాంటి బిడ్డను తండ్రి ఆరు నెలలు చూడకూడదు. ఆ తర్వాత శాంతి చేయించి, పళ్లెంలో నూనె పోసి, మొదట ఆ నూనెలో బిడ్డ నీడ చూసి, అప్పుడు ముఖం చూడాలి. పంతులు నా చీటీ చూసి లెక్క కట్టాడు. ఆ పాదం ముందు రోజు సాయంత్రం ఐదూ ముప్పై ఆరుకు ముగిసింది. చీటీ ప్రకారం పిల్ల ఐదు నిమిషాలు లోపల ఉంది. నిజానికి ఏడు నిమిషాలు బయట ఉంది. బయటి పాదానికి తండ్రితో ఏ పేచీ లేదు. నక్షత్రం పేరు నేనిక్కడ రాయను. దానిలో పుట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు ఈ మాట కొత్తగా వినాల్సిన పని లేదు.

నేను తల్లినీ పిల్లనూ చూసి బయటికి వచ్చాను. అతను అక్కడే ఉన్నాడు.

"సిస్టరమ్మా, సూడద్దన్నరు గని అడగద్దని అన్లే గదా. ఎవరి పోలిక?"

"ముక్కు నీదే. చెవులు తల్లియి" అన్నాను.

"నా ముక్కా? అయ్యో పాపం" అని నవ్వాడు. తన ముక్కును ఒకసారి వేళ్లతో పట్టి చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి చిన్న అట్టపెట్టె తీశాడు. మూత తెరిచి నాకు చూపించాడు. బంగారు రంగు ఆడవాళ్ల గడియారం.

"గిది లోపలియ్యి సిస్టరమ్మా" అన్నాడు.

లోపలికి పోయి ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి బండి స్టార్టు చేశాడు. ఆ ఇంటి ముందు నేను నిలబడ్డది మొత్తం ఇరవై నిమిషాలు. కొత్త చీటీ సంచిలోనే ఉంది. తీయలేదు.

ఎందుకు తీయలేదో అప్పుడు కూడా నాకు స్పష్టంగా తెలుసు. చీటీ మారిస్తే ఎందుకు మారిందో చెప్పాలి. నేను పదకొండేళ్లుగా తప్పు టైము చూపించే గడియారం కట్టుకుని కాన్పులు చేస్తున్నానని చెప్పాలి. చచ్చిపోయిన తండ్రి మీది ప్రేమతో ముల్లు ముందుకు పెట్టుకుంటానని చెప్పాలి. మూడు వందల పన్నెండు ఇళ్లవాళ్లు తమ తమ చీటీలు పట్టుకుని నా గుమ్మంలోకి వస్తారు. "మా పోరనిది గూడ గట్లనే రాసినవా?" అంటారు. వాటిలో తప్పు లేదని నేను ఎలా రుజువు చేయగలను? ఇదొకటి. రెండోది, నాకు నక్షత్రాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేదు కాబట్టి దానివల్ల జరిగే నష్టం కూడా నిజమైనదని అనిపించలేదు. ఆరు నెలలే కదా, ఫిబ్రవరి ఇరవై రెండుకు నూనెలో చూసుకుంటాడులే అని లెక్క వేసుకున్నాను.

ఆ రోజు నుంచి గడియారాన్ని రేడియో టైముకే ఉంచాను. అమ్మకు చెప్పలేదు. అక్టోబరులో జనగామ పోయినప్పుడు దుకాణంలో అడిగాను, ఈసారి ముల్లు ఎందుకు సరిగ్గా పెట్టారని.

పెద్దాయన అద్దం కంటి మీద నుంచి తీసి నన్ను చూశాడు. "మీ అబ్బా పోయి పదకొండేండ్లాయె బేటీ. ఆయన గాడీ దొరకబట్టేది లేదు, నువ్వు గాడీ ఎక్కేది లేదు. ఇంక ఎవల కోసం ఉరుకుతది గిది? గందుకే సహీ టైం పెట్టిన. తప్పా?"

తప్పు కాదని చెప్పాను. కానే కాదు. ఆ వ్యవహారంలో సరైన పని చేసింది ఆయన ఒక్కడే.

రెండువేల ఒకటి జనవరి మూడు, బుధవారం, పిల్ల తండ్రి పచ్చకామెర్లతో పోయాడు. నూనెలో నీడ చూసే రోజుకు ఇంకా యాభై రోజులు ఉంది. పిల్ల ఫోటో కూడా చూపించలేదట, ఫోటో చూసినా చూసినట్టేనని. తల్లీ పిల్లా మహబూబాబాదు దగ్గరి గార్లలోని అత్తగారింటికి పోయారు. నాకు ఈ సంగతి ఆ ముసలామే, పిల్ల అమ్మమ్మే చెప్పింది. "పంతులు చెప్పినట్టే ఆయె నర్సమ్మా. పుట్టిన ఘడియ ఊకుంటదా" అంది. నేను ఆమె రక్తపోటు చూసి మందు ఇచ్చి పంపాను. ఇప్పుడు చెబితే ఏం వస్తుంది అనుకున్నాను. చెప్పకపోవడానికి మనిషికి ప్రతిసారీ ఒక కొత్త కారణం దొరుకుతుంది. నాకూ దొరికింది.

రెండువేల మూడులో మహబూబాబాదుకు బదిలీ అయింది. ఇల్లు అక్కడే కట్టుకున్నాను. రెండువేల పన్నెండులో రిటైరయ్యాను. గడియారం మళ్లీ చెడిపోలేదు.

రెండువేల ఇరవై నాలుగు నవంబరు మొదటి వారంలో చక్కెర పరీక్షకు ఊళ్లోని ఒక ల్యాబుకు పోయాను. రక్తం తీసే అమ్మాయి మాట మంచిది. నేను నర్సుగా చేశానంటే ఎక్కడెక్కడ అని అడిగింది. చెప్పాను.

"నేను ఆ దిక్కే పుట్టిన. మా అమ్మమ్మోళ్ల ఊరు అదే" అంది.

"ఎప్పుడు?"

"రెండువేల ఆగస్టు ఇరవై రెండు. అవ్వా, చెయ్యి గట్టిగ పట్టకు, సూది ఇరుగుతది."

ఆమె ముక్కు చూశాను. నేను ఆ రోజు చెప్పింది సరైనదే.

పదో తారీఖు, ఆదివారం, సాయంత్రం నాలుగూ ఐదుకు మా ఇంటికి వచ్చింది. తను పుట్టినప్పుడు కాన్పు చేసిన నర్సమ్మ నేనేనని వాళ్ల అమ్మను అడిగి తెలుసుకుందట. చేతికి ఆ బంగారు రంగు గడియారం ఉంది. రంగు చాలావరకు పోయింది.

"మా బాపును చూసినోళ్లు మా ఇంటోళ్లు గాక ఇంకెవరన్న ఉన్నరా అని ఎతుకుతున్న. గా దినం నువ్వు చూసినవట గదా?"

"చూసిన."

"ఫోటోల మీసాలు ఇంతింత ఉంటయి. నిజంగ గంతనేనా?"

"గంత లేకుండె. మామూలుగనే ఉండె."

"మా అమ్మ గొప్పలు చెప్తది" అని నవ్వింది. తర్వాత చెయ్యి ముందుకు చాపింది. "గిది ఎవరి కోసం తెచ్చిండు? అమ్మ తన కోసం అంటది. నేను నా కోసం అంట. రోజూ లొల్లి. నీకేం చెప్పిండు?"

"లోపలియ్యి అన్నడు. ఎవరికని చెప్పలే."

"గట్లనా" అంది. గడియారం మీద బొటనవేలితో రుద్దింది. నేను ఇద్దరికీ అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు, అతను అనలేదు కాబట్టి.

టీ తాగుతూ గార్ల సంగతి చెప్పింది. తండ్రిని కన్న ముసలామె ఇంకా ఉంది. నాయినమ్మ కొట్టదు, తిట్టదు. పండుగకు కొత్త బట్టలు కుట్టిస్తుంది. తల కూడా దువ్వుతుంది. కానీ మనవరాలి చేతి నీళ్లు మాత్రం తాగదు.

"నా కొడుకును మింగినదాని చేతి నీళ్లు గొంతు దిగుతయా అంటది. చిన్నప్పటి నుంచి విన్న, నాకు అలవాటైంది. గని ఇప్పుడు మంచం పట్టింది అవ్వా. మా అమ్మ పనికి పోతే ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట. దూపైతది. పెదవులు ఎండుకపోతయి. నన్ను అడగది. అమ్మ వచ్చేదాక అట్లనే సూరు దిక్కు సూసుకుంట పండుకుంటది. నేను గిలాస పట్టుకొని నిలవడ్తే కండ్లు మూసుకుంటది."

ఆమె ఏడుస్తూ చెప్పలేదు. రిపోర్టు చదివినట్టు చెప్పింది.

నేను లేచి అల్మారాలోంచి రెండువేల సంవత్సరం పుస్తకం తీశాను. ఆగస్టు ఇరవై రెండు పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. బాపు, బండి, పన్నెండు నిమిషాలు, జనగామ, చీటీ. చెప్పడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

ఆమె కొట్టేసిన అంకె మీద వేలు పెట్టింది. "గిది నువ్వే కొట్టేసినవా?"

"నేనే. మర్నాడు పొద్దుగాల్ల ఏడూ ఐదుకు."

"మరి మా ఇంటోళ్లకు ఎందుకు చెప్పలే?"

"వచ్చిన. కొత్త చీటీ సంచిల ఉండె."

"ఉండె గని తియ్యలే."

"తియ్యలే."

"మా బాపు బయట నిలవడ్డప్పుడే?"

"అప్పుడే."

ఆమె పుస్తకం మూసింది. టీ కప్పు లోపలికి తీసుకుపోయి కడిగి బోర్లించి వచ్చింది. "నువ్వు నాకు చెప్పుడు గాదు. వచ్చే ఐతారం గార్లకు రా. ఆమెకు చెప్పు" అంది. చెప్పులేసుకుంటూ వెనక్కి తిరగలేదు. ల్యాబులో అన్నిసార్లు అవ్వా అన్న పిల్ల, పోయేటప్పుడు అనలేదు.

పదిహేడో తారీఖు, ఆదివారం, పదీ ముప్పై ఐదుకు గార్లలో వాళ్ల ఇంటికి చేరాను. ముసలామె వరండాలో నులక మంచం మీద ఉంది. మనిషి ఎండిపోయింది గానీ చూపు, చెవి బాగున్నాయి. కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల తలుపు దగ్గర నిలబడింది. నేను స్టూలు మీద కూర్చుని నాలుగు మాటల్లో చెప్పాను. పుస్తకం చూపించాను. ఆమెకు చదువు రాదు, అయినా పేజీ వైపు చూసింది.

"పన్నెండు నిమిషాలా?"

"అవును."

"నా కొడుకు బయట నిలవడ్డప్పుడు చీటీ నీ సంచిలనే ఉన్నదా?"

"ఉన్నది."

"వాడు ఈడికొచ్చి నాతోని చెప్పిండు. అమ్మా, ముక్కు నాదేనట అని. ఊరంత చెప్పుకున్నడు." కోడలి వైపు తిరిగింది. "సూడకుంటనే పాయె గదనే."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె మళ్లీ నన్నే చూసింది.

"మరి వాన్ని ఎవరు మింగిన్రు?"

"కామెర్లు" అన్నాను.

"కామెర్లు" అని తనూ ఒకసారి అంది, ఆ మాట రుచి చూస్తున్నట్టు. ఆ తర్వాత నా చేతి వైపు చూసింది. "గా గడియారమేనా చేతికున్నది?"

"గదే."

"తియ్యి."

తీసి ఇచ్చాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత తల కొంచెం ఎత్తి దిండు కింద పెట్టుకుంది.

"గిది ఈడ ఉండని" అంది.

అది మా బాపుదని చెప్పాలనిపించింది. డెబ్బై మూడేళ్లుగా మా ఇంటి మనిషి చేతికి తప్ప ఇంకెవరి చేతికీ లేదని చెప్పాలనిపించింది. అడగడానికి నాకున్న హక్కు ఎంత, ఆమెకున్నది ఎంత అని లెక్క చూసుకుంటే నా వైపు ఏమీ మిగల్లేదు.

"గొంతు ఎండుతున్నది. నీళ్లు" అంది ముసలామె.

కోడలు అలవాటుగా లేచింది.

"నువ్వు గాదు."

కోడలు అలాగే నిలబడిపోయింది. తలుపు దగ్గరి పిల్ల లోపలికి పోయింది. గ్లాసు కుండకు తగిలిన చప్పుడు వినిపించింది. తెచ్చి, తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించింది. సగం తాగింది ముసలామె, సగం మెడ మీదికి కారింది. పిల్ల తన చున్నీతో తుడిచింది. నన్ను ఉండమని గానీ పొమ్మని గానీ ఎవరూ అనలేదు. నేను లేచి వచ్చేశాను. ఎన్ని గంటలకు బయలుదేరానో రాసుకోలేదు, చేతికి గడియారం లేదు.

డిసెంబరు తొమ్మిది, సోమవారం ముసలామె పోయింది. పన్నెండో తారీఖున పిల్ల ఫోను చేసింది.

"అవ్వా, రోజూ నన్నే అడిగింది నీళ్లు. అమ్మ ఇంట్ల ఉన్నా నన్నే అడిగింది. ఆఖరికి తులసి నీళ్లు గూడ నేనే పోసిన. గని నీ గడియారం పాయె. దిండు కింద ఉన్న సంగతి ఎవ్వరికి యాదికి రాలె. పక్కబట్టలన్నీ దిండుతో సహా మూటగట్టి వాగు ఒడ్డున పారేసిన్రు. నేను పోయి రెండుసార్లు ఎతికిన. దొరకలే."

పోతే పోయిందిలే అన్నాను. పోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచరు, మా ఇంట్లోనైనా అంతే చేసేవాళ్లం.

పోయినవి ఇవి.

గడియారం ఒకటి, పెళ్లినాటి బహుమతి.

ఆగస్టు ఇరవై మూడు నుంచి జనవరి మూడు దాకా, ఒక తండ్రి తన బిడ్డ ముఖం చూడగలిగి ఉండి చూడని రోజులు నూట ముప్పై మూడు.

ఒక ముసలామె మనవరాలి చేతి నీళ్లు తాగని కాలం ఇరవై నాలుగేళ్ల రెండు నెలల ఇరవై ఆరు రోజులు. పిల్ల చేతికి గ్లాసు ఆగని మొదటి నాలుగేళ్లు తీసేస్తే ఇరవై ఏళ్ల చిల్లర.

చీటీ ఒకటి. బుధవారం నా సంచిలో ఉన్నది. దాన్ని ఎప్పుడు, ఎక్కడ పారేశానో నా ఏ పుస్తకంలోనూ లేదు.